తలంబ్రాలు కనబడని పెళ్ళి ఫొటో



మా అమ్మమ్మ పెళ్ళి 1961లో జరిగింది. ఆ పెళ్ళికి మిగిలిన ఫొటో ఒక్కటే. నలుపు తెలుపు ఫొటో, అరచేతికన్నా కాస్త పెద్దది. పీటల మీద తాతయ్య, అమ్మమ్మ మధుపర్కాల్లో కూర్చుని ఉంటారు. నుదుట బాసికాలు. తలంబ్రాలు అప్పుడే అయినట్టున్నాయి, అమ్మమ్మ ఒళ్ళో కుచ్చిళ్ళ మడతల్లో బియ్యపు గింజలు చిక్కుకుని ఉంటాయి. తెల్లచీర మీద పసుపు కలిపిన బియ్యం. నలుపు తెలుపు ఫొటోలో ఆ రెండింటికీ తేడా ఎంతుంటుంది చెప్పండి? ఉందా లేదా అన్నంత. అందుకే చిన్నప్పుడు పిల్లలమంతా ఆ ఆల్బమ్‌ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, ఫొటోని ఏటవాలుగా పట్టుకుని, ఎవరికి ఎక్కువ గింజలు కనబడతాయో లెక్కపెట్టుకునేవాళ్ళం.

2009లో ఆ ఫొటోని నేనే స్కాన్ చేశాను. విజయవాడ సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్ళింట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి సాయంత్రం కాఫీల వేళకి 40 ఫొటోలు పూర్తిచేశాను. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటో’ అని ఒక గడి ఉంది. దానికి ముందే టిక్కు పెట్టి ఉంది. నేను దాని జోలికి పోలేదు. ఫొటోలన్నీ తెరమీద తళతళలాడుతూ వచ్చాయి. మసకబారిన పాత కాగితం మీదకన్నా ఇక్కడే ముఖాలు బాగా కనబడుతున్నాయని అందరం మురిసిపోయాం. జేపెగ్ ఫైళ్ళుగా పెట్టి, సీడీలో రాసి పిన్నికిచ్చాను. ఆల్బమ్ మళ్ళీ బీరువా కింది అరలోకి వెళ్ళింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పిన్ని వాళ్ళింట్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. ఫొటో కాగితం మీద బొమ్మ ఉండేది జెలటిన్ అనే పల్చటి పొరలో. అది నీళ్ళలో నానితే ఉబ్బి జిగురవుతుంది, ఎదురుగా ఏదుంటే దానికి అంటుకుంటుంది. నీళ్ళు తీశాక బీరువా తెరిస్తే ఆల్బమ్ మొత్తం ఒకే ముద్ద.

సీడీ మాత్రం పైఅరలో ఉండి బతికింది. పెద్ద ప్రింటు తీయించి ఫ్రేము కట్టించుకుందామని పిన్ని ఆ పెళ్ళిఫొటోని తెరమీద పెద్దది చేయించుకుంది. చాలాసేపు చూసి, నావైపు తిరిగి, “ఏమే, అమ్మ ఒళ్ళో తలంబ్రాలేవే?” అంది.

లేవు. చీర ఉంది, మడతలు లేవు. నడుం దగ్గర్నుంచి పీట దాకా ఒకటే తెల్లని మచ్చ. 15 ఏళ్ళ కింద నేను ముట్టుకోని ఆ టిక్కు చేసిన పని అది.

ఆ రోజు నుంచి ఎవరు పాత ఫొటోలు స్కాన్ చేయమని తెచ్చినా ఆ టిక్కు సంగతి చెప్పకుండా పంపడం లేదు. ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చింది కూడా దాని గురించే. పాత ఫొటో స్కాన్ చేసేటప్పుడు వెలుగునీ రంగునీ స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే సరిచేసుకోవాలా, లేక ఉన్నదున్నట్టు తీసుకుని తర్వాత ఫొటోషాప్, గింప్ లాంటి ఫొటో ఎడిటర్‌లో సరిచేసుకోవాలా? రెండుచోట్లా పేర్లు అవే. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, లెవెల్స్, కర్వ్స్, షార్పెనింగ్. పేర్లు ఒకటే గనక పనీ ఒకటే అనుకుంటాం.

ముందు అమ్మమ్మ ఒళ్ళో గింజలు ఎలా పోయాయో చూద్దాం. స్కానర్ మూత వేసి మీట నొక్కితే గాజుపలక కింద దీపం మెల్లగా కదులుతుంది. ఫొటో మీద పడి తిరిగొచ్చిన వెలుగుని స్కానర్ ఒక్కో చుక్క దగ్గర కొలిచి అంకె వేస్తుంది. 8 బిట్ల లెక్కలో ఆ అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. చీర దగ్గర 244 వచ్చిందనుకోండి, గింజ దగ్గర 238 వచ్చిందనుకోండి. ఆ ఆరు అంకెల తేడాయే తలంబ్రాలు. ఇప్పుడు ఆటో రంగంలోకి దిగుతుంది. ఫొటో మసగ్గా ఉంది, కాస్త మెరిపించాలి అని లెక్కగట్టి 235 దగ్గర గీత గీస్తుంది. ఆ గీత దాటినదంతా తెలుపే అంటుంది. 244 కూడా 255 అయింది, 238 కూడా 255 అయింది. రెండూ ఒకే అంకె అయ్యాక, ఇది చీర, ఇది బియ్యం అని విడదీసి చెప్పగల సాఫ్ట్‌వేర్ ఎక్కడా లేదు. తర్వాత ఎంత తగ్గించినా ఆ మచ్చ తెల్లమచ్చ నుంచి బూడిదరంగు మచ్చ అవుతుందే తప్ప అందులోంచి ఒక్క గింజ కూడా బయటికి రాదు. ఇలా కొసలు తెగిపోవడాన్నే క్లిప్పింగ్ అంటారు. తెల్లటి కొసనే కాదు, నల్లటి కొసన కూడా తెగుతుంది. తాతయ్య జుట్టు, చీకటి వసారాలో నిలబడ్డ చుట్టాలు, నల్లకోటు మడతలు అలాగే పోతాయి.

జాకెట్టు కుట్టే దర్జీని గమనించారా? పక్క కుట్టు దగ్గర లోపలికి రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదులుతాడు. ఒళ్ళొస్తే విప్పి వదులు చేసుకోవడానికి. ఆ గుడ్డని ముందే కత్తిరించేస్తే ఎంత మంచి దర్జీ అయినా తర్వాత ఏమీ చేయలేడు. స్కాన్ చేసేటప్పుడు రెండు కొసలా కాస్త ఖాళీ వదలడం అలాంటిదే. తెరమీద ఆ స్కాన్ చప్పగా, కాస్త బూజు పట్టినట్టు కనబడుతుంది. కనబడనివ్వండి. అందులో గుడ్డ ఉంది.

ఆటో గీసినలాంటి గీత గీయడం అనేది కంప్యూటర్ స్కానింగ్ పుట్టిననాడే ఉంది. 1957లో అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసే రసెల్ కిర్ష్, తన మూడు నెలల కొడుకు వాల్డెన్ ఫొటోని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కంప్యూటర్‌లోకి స్కాన్ చేసిన మొదటి ఫొటో అదే. ఐదు సెంటీమీటర్ల చదరపు ఫొటో, అడ్డం 176 చుక్కలు, నిలువు 176 చుక్కలు. ఆ యంత్రానికి తెలిసింది రెండే, నలుపు, తెలుపు. ఇంత వెలుగు దాటితే తెలుపు, దాటకపోతే నలుపు. అలా తీస్తే పసిపిల్లవాడి బుగ్గ ఏమవుతుందో ఊహించండి. కిర్ష్ బృందం ఏం చేసిందంటే, ఆ గీతని ఒక్కోసారి ఒక్కోచోట పెట్టి ఫొటోని మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి, ఆ స్కాన్లన్నీ కలిపి మధ్యలోని బూడిద ఛాయలు రాబట్టింది. అంటే ఒక్క గీతతో సరిపెట్టుకుంటే బుగ్గ మీది నునుపు పోతుందని మొట్టమొదటివాళ్ళకే తెలుసు. కంటికి అందంగా కనబడే స్కాన్ కోసం మనం ఆ సంగతి మరిచిపోయాం.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనబడే మీటలన్నీ ఒక జాతివి కావు. కొన్నింటిని కదిపితే స్కానర్ నుంచి మన చేతికొచ్చే కొలతే మారుతుంది. డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్నది అలాంటిది. రంగులోనా బూడిదరంగులోనా, ఒక్కో రంగుకి 8 బిట్లా 16 బిట్లా అన్నదీ అంతే. ఫిల్ము కోసమే చేసిన కొన్ని స్కానర్లలో ఎక్స్‌పోజర్ నిజంగా మారుతుంది, సెన్సర్ మీద వెలుగు పడే సేపు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇవి అప్పుడు కాకపోతే మరెప్పుడూ చేయలేం. తక్కిన మీటలు చేసేది, దీపం తన పని ముగించాక వచ్చిన అంకెల మీద లెక్కలు. మన ఇళ్ళలో, ఫొటో స్టూడియోల్లో ఉండే మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్లో బ్రైట్‌నెస్ పెంచితే దీపం పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. దాదాపు అన్నింట్లోనూ అలా జరగదు. దీపం ఎప్పటిలాగే వెలుగుతుంది, వచ్చిన అంకెల్ని సాఫ్ట్‌వేర్ పెంచి చూపిస్తుంది. ఆ కూడికలూ తీసివేతలూ ఫొటోషాప్ కూడా చేయగలదు. చేసింది నచ్చకపోతే వెనక్కి వెళ్ళగలదు. స్కానింగ్‌లో చేసినదానికి వెనక్కి వెళ్ళాలంటే ఫొటోని మళ్ళీ గాజు మీద పెట్టాలి. ఆ ఫొటో ఉండాలి కదా.

అయితే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ వైపు ఒక గట్టి వాదం ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. చాలా స్కానర్లు లోపల ఒక్కో రంగునీ 16 బిట్ల లెక్కలో కొలుస్తాయి. అంటే 256 మెట్లు కాదు, 65,536 మెట్లు. స్కానింగ్ సాఫ్ట్‌వేర్ సర్దుబాట్లన్నీ ఆ నిండు కొలత మీదే చేసి, చివర్లో 8 బిట్లకి కుదించి మనకిస్తుంది. మనం ముందే 8 బిట్ల ఫైలు తీసుకుని దాన్ని ఫొటోషాప్‌లో సాగదీస్తే, సాగదీసేది అప్పటికే కుదించిన సరుకుని. వెలిసిపోయిన ఫొటో ఒకటి తీసుకోండి. అందులో ఛాయలన్నీ 100కీ 180కీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. అంటే ఉన్నవి 81 మెట్లు. వాటిని 0 నుంచి 255 దాకా లాగితే మధ్యమధ్య ఖాళీలు పడతాయి. ఏ మెట్టు మీద ఎన్ని చుక్కలున్నాయో చూపే హిస్టోగ్రామ్ అనే పటం చూస్తే అది పళ్ళు విరిగిన దువ్వెనలా కనబడుతుంది. ఫొటోలో ఆకాశమో సున్నం వేసిన గోడో ఉంటే అక్కడ నునుపు పోయి చారలు చారలుగా మెట్లు తేలతాయి. కనుక 8 బిట్ల జేపెగ్ తప్ప వేరే దారి లేనివాళ్ళకి, లెవెల్స్ స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే జాగ్రత్తగా సర్దుకోవడం మేలు. ఇందులో నాకు సందేహం లేదు.

కానీ వేరే దారి ఉంది. ఒక్కో రంగుకి 16 బిట్లు, మూడు రంగులకి 48 బిట్లు అన్నది ఎంచుకుని, టిఫ్ ఫైలుగా దాచుకుంటే ఆ నిండు కొలత మొత్తం మనింటికే వస్తుంది. ఇందాక 81 మెట్లున్న చోట ఇప్పుడు 20,000 పైచిలుకు ఉంటాయి. ఎంత లాగినా దువ్వెన పళ్ళు విరగవు. దాంతో స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఆ ఒక్క ఆధిక్యమూ పోతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లే పడతాయి, పైగా దాచిన ప్రతిసారీ కొంత సమాచారం రాలిపోతుంది. అందుకే అసలు ప్రతికి జేపెగ్ వద్దంటాను. వాట్సాప్‌లో పంపడానికి, ప్రింటుకి ఇవ్వడానికి టిఫ్‌లోంచి ఒక జేపెగ్ తీసుకుంటే సరి.

ఫైలు పెద్దదైపోతుంది కదా అంటారు. లెక్క చూద్దాం. నాలుగు బై ఆరు అంగుళాల ఫొటోని 600 డీపీఐలో తీస్తే 86 లక్షల చుక్కలు. 24 బిట్ల రంగులో సుమారు 26 ఎంబీ, 48 బిట్లలో సుమారు 52 ఎంబీ. వెయ్యి ఫొటోలున్నా 52 జీబీ. ఒక ఇంటి మూడు తరాలు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో సరిపోతాయి. 2009లో నేను లెక్కచూసి భయపడ్డ బరువు ఈ రోజు బరువే కాదు.

మరో సంగతి. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మనం చూసి సర్దేది ప్రివ్యూని. అది అగ్గిపెట్టెంత బొమ్మ, తక్కువ చుక్కలతో హడావుడిగా తీసింది. దాన్ని చూసి వెలుగు ఎంత, రంగు ఎంత అని తేల్చడం వీధిదీపం కింద చీర రంగు ఎంచుకోవడం లాంటిది. పైగా అక్కడ మామూలుగా ఏ మీట కదిపినా ఫొటో మొత్తానికి వర్తిస్తుంది. అమ్మమ్మ ముఖానికి వెలుగు కావాలి, చీరకి అక్కర్లేదు. ఫొటో ఎడిటర్‌లో అయితే ముఖం వరకే మాస్క్ గీసుకుని అక్కడే వెలుగు పెంచుకోవచ్చు, చీరని అలాగే వదిలేయవచ్చు. నా అనుభవంలో పాత ఫొటోకి జరిగే మంచి అంతా ఇక్కడే జరుగుతుంది. మొత్తాన్ని ఒకేసారి మెరిపించడంలో జరగదు.

1970లు, 80ల నాటి రంగు ఫొటోలు ఎర్రబడిపోయి ఉండటం మీ ఆల్బమ్‌లలోనూ చూసే ఉంటారు. పెళ్ళికూతురి ముఖం, పందిరి మామిడాకులు, పట్టుచీర అన్నీ ఒకే ఇటుకరంగులోకి దిగిపోయి ఉంటాయి. ఆ కాలపు చాలా రంగు కాగితాల్లో మూడు రంగులూ ఒకే వేగంతో వెలవవు. చీకట్లో, బీరువాలో భద్రంగా ఉన్నా సరే, నీలి ఆకుపచ్చ కలిసిన సయాన్ రంగు ముందు పోతుంది. అది పోతే మిగిలేది ఎరుపు. దాన్ని సరిచేయాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా తీసుకుని, ఒక్కోదాని కొసలు ఒక్కోలా లాగాలి. ఓపిగ్గా చేస్తే మామిడాకులు మళ్ళీ పచ్చగా వస్తాయి. అలా మొదటిసారి వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి ఇంట్లోవాళ్ళని పిలిచాను. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘రంగు పునరుద్ధరణ’ అని ఒక మీట ఉంటుంది, ఒక్క నొక్కుతో ఇదే పని చేస్తుంది, కొన్నిసార్లు ఆశ్చర్యంగా బాగానే చేస్తుంది. ఫలితం చూడటానికి నొక్కండి, తప్పులేదు. అసలు ప్రతిని మాత్రం ఆ మీట ఆపేసి తీసుకోండి.

నలుపు తెలుపు ఫొటోని కూడా రంగులోనే స్కాన్ చేయండి. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. పాత కాగితం మీద పసుపు మరకలు, గోధుమరంగు మచ్చలు ఉంటాయి. పసుపు మరక నీలి వెలుగుని మింగుతుంది, ఎర్ర వెలుగుని చాలావరకు తిప్పి పంపుతుంది. రంగులో తీసిన స్కాన్‌ని ఎడిటర్‌లో తెరిచి ఒక్క ఎరుపు ఛానెల్‌నే చూడండి. మరక దాదాపు కనబడదు. అది తీసుకుని నలుపు తెలుపు చేసుకుంటే గంటల కొద్దీ మచ్చలు చెరిపే పని తప్పుతుంది. మొదటే బూడిదరంగులో స్కాన్ చేసేస్తే మూడు ఛానెళ్ళూ కలిసిపోయి ఈ దారి మూసుకుపోతుంది.

నెగటివ్‌ల దగ్గర మాత్రం నా మాట కాస్త మారుతుంది. రంగు నెగటివ్ మీద నారింజరంగు పొర ఉంటుంది, అది తయారీలోనే ఉన్నది. దాన్ని తీసేసి రంగుల్ని తిరగేయడం ఎడిటర్‌లో చేత్తో చేస్తే చాలా అవస్థ. వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ లాంటి స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఈ పనికే పేరుపడ్డాయి. ధూళి సంగతి కూడా అంతే. ఫిల్ము తీసే కొన్ని స్కానర్లలో పరారుణ కాంతితో ఇంకోసారి చూసే ఏర్పాటు ఉంటుంది. రంగు ఫిల్ములోని రంగులు ఆ కాంతిని అడ్డుకోవు, ధూళీ గీతలూ అడ్డుకుంటాయి. కనుక ఎక్కడ ధూళి ఉందో స్కానర్‌కి విడిగా తెలిసిపోతుంది. ఎడిటర్‌కి ఆ భాగ్యం లేదు, దానికి ధూళీ బొమ్మలో చుక్కే, పుట్టుమచ్చా చుక్కే. మామూలు నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మ వెండితోనే ఉంటుంది, వెండి పరారుణాన్ని కూడా ఆపేస్తుంది. అక్కడ ఈ ఏర్పాటు వాడితే బొమ్మనే ధూళి అనుకుని చెరుపుతుంది. అక్కడ ఆపేయాలి. వ్యూస్కాన్‌లో స్కానర్ కొలిచిన అంకెల్ని ఏ సర్దుబాటూ లేకుండా ‘రా’ ఫైలుగా దాచుకునే వీలుంది. పదేళ్ళ తర్వాతైనా ఆ ఫైలుని తెరిచి, నెగటివ్ చేతిలో లేకుండానే, మళ్ళీ కొత్తగా స్కాన్ చేసినట్టు సర్దుకోవచ్చు. సిల్వర్‌ఫాస్ట్‌లోనూ అలాంటిది ఉంది. నాకు అన్నింటికన్నా నచ్చిన పద్ధతి ఇది.

కాగితాల మాట కూడా ఒకటి చెప్పాలి. కరెంటు బిల్లు, మార్కుల జాబితా లాంటివి వందల కొద్దీ స్కాన్ చేసేవాళ్ళు ఆటో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. పాత పుస్తకాలు, చేతిరాతలు, దస్తావేజులు అలాంటివి కావు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు చొరవ తీసుకున్న మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ పని జరగకపోతే ఈ రోజు మనం చదవలేని పుస్తకాలు ఎన్నో. ఆ రుణం పెద్దది. అయితే ఫైళ్ళు దాచే చోటు ఖరీదుగా ఉన్న కాలం గనక, చాలా పేజీలు 600 డీపీఐలో పూర్తి నలుపు, పూర్తి తెలుపు అనే రెండే మెట్లలో తీశారు. అచ్చు గట్టిగా ఉన్నచోట అక్షరం నిక్కచ్చిగా వచ్చింది. సిరా పల్చబడ్డ పేజీలో ఇలాంటి గీత ఏం చేస్తుందో తెలుగు చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ‘ద’ కింద చిన్న నిలువు గీత ఉంటే ‘ధ’. ఆ గీత పోతే ‘ధార’ ‘దార’ అవుతుంది, నీటి ధార కాస్తా పెళ్ళామై కూర్చుంటుంది. ‘ఫలం’ ‘పలం’ అవుతుంది. మన లిపిలో ఒత్తులూ సున్నలూ గుడులూ ఇంత చిన్నవి. పాత తెలుగు పుస్తకం స్కాన్ చేసేవాళ్ళు కనీసం బూడిదరంగులో తీయండి. నలుపు తెలుపు చేయడం కంప్యూటర్‌లో ఎప్పుడైనా అవుతుంది.

సాఫ్ట్‌వేర్ మన కోసం నిర్ణయాలు తీసుకుంటే ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణ 2013లో బయటపడింది. జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఒక ఇంటి ప్లాన్‌ని జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసినప్పుడు వచ్చిన ఫలితాన్ని పరిశీలించాడు. మూడు గదుల విస్తీర్ణాలు అసలు కాగితంలో 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడు గదులకీ 14.13 అని ఉంది. అక్షరాలు మసగ్గా రాలేదు, చక్కగా, స్పష్టంగా, తప్పుగా వచ్చాయి. ఫైలు చిన్నది చేయడానికి, ఒకేలా కనబడే చిన్న చిన్న ముక్కల్ని ఒకటే అనుకుని ఒకదాని బదులు ఒకటి అతికించే పద్ధతి ఆ యంత్రంలో ఉంది. ఆ తర్వాత కంపెనీ దాన్ని సరిచేసింది. ఇంటి ప్లాన్ కాగితం చేతిలో ఉంది గనక పోల్చి చూడగలిగారు.

ఇక మీరు ఇంట్లో స్కాన్ చేసుకునేటప్పుడు ఏం చేయాలో చెప్తాను. గాజుపలకని మెత్తటి గుడ్డతో తుడవండి, ఫొటో మీది ధూళిని మెత్తటి కుంచెతో తీయండి, నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. ఆటో అని, మెరుగు అని, షార్పెనింగ్ అని ఉన్న టిక్కులన్నీ తీసేయండి. మామూలు ఫొటోకి 600 డీపీఐ చాలు. పాస్‌పోర్టు సైజు చిన్న ఫొటో అయితే 1200 పెట్టండి. 35 మిల్లీమీటర్ల నెగటివ్‌కి 2400కి తగ్గకండి. 48 బిట్లు, టిఫ్. హిస్టోగ్రామ్ కనబడితే అందులోని కొండలాంటి ఆకారం రెండు కొసలా గోడకి గుద్దుకోకుండా ఉందో లేదో చూసుకోండి. ఫొటో అంచులు కూడా వచ్చేలా చుట్టూ కాస్త ఖాళీ వదలండి, కత్తిరించడం తర్వాత. ఫొటోని వీలైనంత వంకర లేకుండా పెట్టండి, ఎందుకంటే ఎడిటర్‌లో కొద్దికొద్దిగా తిప్పినప్పుడు చుక్కలన్నీ మళ్ళీ లెక్కగట్టాల్సి వచ్చి పదును తగ్గుతుంది. ఆ టిఫ్‌ని ముట్టుకోకుండా రెండుచోట్ల దాచి, దాని నకలు మీద మీ ఇష్టం వచ్చినట్టు పనిచేయండి. గింప్‌లో 2018లో వచ్చిన 2.10 నుంచి 16 బిట్ల ఫైళ్ళ మీద పనిచేసుకోవచ్చు, అది ఉచితంగా దొరుకుతుంది.

మొన్న పిన్ని అడిగింది. “ఇప్పుడేదో ఏఐ అంటున్నారుగా, అది చేస్తుందిటగా, అమ్మ ఒళ్ళో తలంబ్రాలు పెట్టించవే” అంది. పెట్టిస్తుంది పిన్నీ అన్నాను. మడతలు గీస్తుంది, గింజలు పోస్తుంది, చూసినవాళ్ళు గుర్తుపట్టలేరు కూడా. “కానీ అవి తాతయ్య పోసిన తలంబ్రాలు కావు” అన్నాను. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అలాగే ఉంచు” అంది. ఫొటోని ఉన్నది ఉన్నట్టే ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాం.

మీ ఇంట్లో ఆల్బమ్ ఇంకా పొడిగానే ఉంటే ఈ వారంలో ఒక్క ఫొటోతో మొదలుపెట్టండి. అన్నింటికన్నా పాతది తీయండి. మూత వేసే ముందు ఆ టిక్కు ఒకసారి చూసుకోండి. ముందువైపు అయ్యాక ఫొటోని తిరగేసి వెనకవైపు కూడా స్కాన్ చేయండి, అక్కడ స్టూడియో ముద్రో, పెన్సిల్‌తో రాసిన తేదీయో ఉంటుంది. అందులో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లన్నీ ఈ వారమే రాసుకోండి.